గ్యాంగ్ కండెన్సర్‌కి ఎర్త్ ఏ వైపు?



ఇంట్లో సొంతంగా ఒక రేడియో కట్టుకోవాలని సరదాపడే పిల్లలూ పెద్దలూ ఇవాళ్టికీ ఉన్నారు. అలాంటివాళ్ళు మొట్టమొదట ఎంచుకునేది సాధారణంగా క్రిస్టల్ సెట్టు. దానికి బ్యాటరీ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఒక కాయిలు, ఒక డయోడు, ఒక ఇయర్‌ఫోను, ఏరియల్ తీగ, ఎర్త్ తీగ, వీటన్నిటి మధ్యా ఒక వేరియబుల్ కెపాసిటర్. సరంజామా అంతే. కాయిలు చుట్టడం ఓపిక ఉన్నవాళ్ళెవరికైనా చేతనవుతుంది. డయోడు ఈ సర్క్యూట్లో ఎటు తిప్పి పెట్టినా మాట వినిపిస్తుంది. కొత్తవాళ్ళని తికమక పెట్టేది ఆ వేరియబుల్ కెపాసిటరే. మన రేడియో మెకానిక్కులు దాన్ని గ్యాంగ్ కండెన్సర్ అంటారు, ఇంకా పొట్టిగా గ్యాంగు అంటారు. నేనూ అలాగే అంటాను.

ఎందుకు తికమకంటే, సర్క్యూట్ బొమ్మలో గ్యాంగుకి రెండే కొసలు కనిపిస్తాయి. పక్కపక్కన రెండు గీతలు, వాటి మీదుగా ఏటవాలుగా ఒక బాణం గుర్తు. తీరా షాపు నుంచి తెచ్చిన వస్తువు చూస్తే దానికి మూడు కాళ్ళుంటాయి, కొన్నిటికి ఇంకా ఎక్కువే ఉంటాయి. పాతకాలం గ్యాంగు అయితే కాళ్ళతో పాటు ఒక పెద్ద ఇనప చట్రం కూడా ఉంటుంది. ఏ తీగ ఎక్కడ కలపాలి? కెపాసిటర్‌కి ప్లస్సూ మైనస్సూ లేవు కదా, ఎటు కలిపితే ఏం అని పుస్తకం చదివినవాళ్ళు అంటారు. లెక్క ప్రకారం వాళ్ళ మాట నిజమే. కాని గ్యాంగు మనిషి చేత్తో పట్టుకుని తిప్పే వస్తువు. ఆ చెయ్యి కూడా సర్క్యూట్లో ఒక భాగమై కూర్చుంటుంది. అందుకని గ్యాంగు రెండు కొసలూ బొమ్మలో ఒకటే గాని, బల్ల మీద ఒకటి కావు. నేనివాళ చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే. మధ్యలో కొన్ని అంకెలు వస్తాయి, కాగితమూ పెన్సిలూ దగ్గర పెట్టుకుంటే మంచిది.

ముందు పాత వాల్వు రేడియోల్లో ఉండే గ్యాంగుని చూద్దాం. నాబు తిప్పడానికి ఒక ఇరుసు ఉంటుంది, దాన్ని షాఫ్టు అంటాం. షాఫ్టుకి వరసగా పలచని అల్యూమినియం రేకులు బిగించి ఉంటాయి, ఒక్కొక్కటి ఇంచుమించు అరచక్రం ఆకారంలో. ఇవి కదిలే రేకులు. చట్రానికి తగలకుండా, పింగాణీ ముక్కల మీదో గట్టి అట్టలాంటి పదార్థం మీదో నిలబెట్టిన ఇంకో వరస ఉంటుంది. అవి కదలని రేకులు. నాబు తిప్పితే కదిలే రేకులు వెళ్ళి కదలని రేకుల సందుల్లో దూరతాయి. ఆ సందు మిల్లీమీటరులో చిన్న భాగం. అయినా ఎక్కడా రేకూ రేకూ తాకవు, మధ్యలో గాలి ఉంటుంది. ఎదురెదురుగా వచ్చిన వైశాల్యం పెరిగేకొద్దీ కెపాసిటీ పెరుగుతుంది. పూర్తిగా లోపలికి పోయినప్పుడు గరిష్ఠం, పూర్తిగా బయటికి వచ్చినప్పుడు కనిష్ఠం.

కొన్ని గ్యాంగుల్లో చివరి రేకుకి అంచు నుంచి లోపలికి చీలికలు కనిపిస్తాయి. రేకు దెబ్బతిందని అనుకోకండి. ఫ్యాక్టరీలో ఆ ముక్కల్ని కొంచెం ఇటూ అటూ వంచి, ఒకే షాఫ్టు మీదున్న రెండు జతల రేకుల కెపాసిటీ ఒకదానితో ఒకటి సరిపోయేట్టు సర్దడానికే ఆ చీలికలు పెట్టారు. మీరు మాత్రం వాటిని ముట్టుకోవద్దు.

గరిష్ఠ కెపాసిటీ ఎంతంటారా? వాల్వు రేడియోల గ్యాంగుల్లో ఒక్కో జత 365 గాని 500 గాని పికోఫారడ్‌లు ఉండటం మామూలు. ఫారడ్ అనేది మైకేల్ ఫారడే పేరు మీద పెట్టిన కొలమానం. అందులో లక్ష కోట్లవ వంతు ఒక పికోఫారడ్. పూర్తిగా తెరిచిన గ్యాంగులో పది పదిహేను పికోఫారడ్‌లు మిగులుతాయి. ఆ మిగిలేది తక్కువేగా అని వదిలెయ్యకండి. తర్వాత దానితో పని ఉంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. రేకులు తిప్పితే స్టేషను ఎందుకు మారుతుంది? ఉయ్యాల ఊపేవాళ్ళని గమనించండి. ఉయ్యాలకి తన సొంత తూగు ఒకటుంటుంది. ఆ తూగుకి సరిగ్గా సరిపడేలా తోస్తే చిటికెన వేలితో తోసినా ఆకాశానికి లేస్తుంది, అదను తప్పితే ఎంత బలంగా తోసినా ఉయ్యాల సాగదు. కాయిలూ కెపాసిటరూ జంటగా కలిపితే వాటి మధ్య విద్యుత్తు అలాగే అటూ ఇటూ ఊగుతుంది. కాయిలు ఎంత పెద్దదైతే, కెపాసిటీ ఎంత ఎక్కువైతే, ఆ ఊపు అంత నెమ్మది. ఏరియల్ తీగలోకి అన్ని స్టేషన్ల తరంగాలూ ఒకేసారి వస్తుంటాయి. మన జంట తూగుకి సరిపడిన తరంగం ఒక్కటే లోపల పుంజుకుంటుంది, మిగతావి పుంజుకోలేవు. అందుకే రేకులు పూర్తిగా మూస్తే తక్కువ ఫ్రీక్వెన్సీ, తెరిస్తే ఎక్కువ ఫ్రీక్వెన్సీ. కొత్తవాళ్ళు దీన్ని తిరగేసి గుర్తుపెట్టుకుంటూ ఉంటారు.

ఈ లెక్కలో ఒక వర్గమూలం ఉంది. ఫ్రీక్వెన్సీ మూడింతలు కావాలంటే కెపాసిటీ తొమ్మిదో వంతుకి తగ్గాలి. మన దేశంలో మీడియం వేవ్ 531 కిలోహెర్ట్జ్ నుంచి 1602 దాకా, తొమ్మిదేసి కిలోహెర్ట్జ్‌ల మెట్లలో ఉంటుంది. అంటే కింది కొసకీ పై కొసకీ మధ్య ఇంచుమించు మూడింతల తేడా. కాబట్టి మొత్తం బ్యాండు అందాలంటే సర్క్యూట్ కెపాసిటీ తొమ్మిదింతల మేర మారాలి. 200 మైక్రోహెన్రీల కాయిలు ఉందనుకోండి. 531 కోసం దానికి 449 పికోఫారడ్‌లు కావాలి, 1602 కోసం 49 చాలు. హైదరాబాద్ ఏ కేంద్రం 738 కోసం 232, విజయవాడ 837 కోసం 181, విశాఖపట్నం 927 కోసం 147. కాయిలు సంగతి కూడా చెబుతాను. 50 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పైపు మీద, 26 గేజి ఎనామిల్ రాగి తీగని పక్కపక్కనే ఆనేలా 70 చుట్లు చుడితే దాదాపు ఆ 200 వస్తుంది.

రేడియో పుట్టిన కొత్తలో ఇలా ఒక్క తరంగాన్నే ఎంచుకునే ఏర్పాటు, అంటే ట్యూనింగ్, లేదు. ఇద్దరు ఒకేసారి సంకేతాలు పంపితే రెండూ కలగాపులగమై వినిపించేవి. ఆలివర్ లాడ్జ్ 1897లో, మార్కోనీ 1900లో బ్రిటన్‌లో ట్యూనింగ్ మీద పేటెంట్లకి దరఖాస్తు పెట్టారు. మార్కోనీ పేటెంట్ నంబరు 7777, అందుకే రేడియోవాళ్ళు దాన్ని మరిచిపోరు. తిరిగే రేకుల కెపాసిటర్ అంతకు ముందే, 1893లో, హంగరీకి చెందిన డెజో కోర్డా పేటెంట్‌లో కనిపిస్తుంది. మన క్రిస్టల్ సెట్టులో డయోడు చేసే పని ఉందే, గెలీనా స్ఫటికంతో ఆ పని చేయించి 1904లో అమెరికా పేటెంట్ పొందినవాడు మన జగదీశ్ చంద్ర బోస్. మీ బల్ల మీది నాలుగు ముక్కల వెనక ఇంత చరిత్ర ఉంది. పిల్లలకి ఈ సెట్టు కట్టించేటప్పుడు బోస్ పేరు తప్పకుండా చెప్పండి.

ఇక తీగలు కలుపుదాం. కాయిలుకి రెండు కొసలు. ఒక కొస ఎర్త్‌కి పోతుంది, రెండో కొస నుంచి డయోడు బయలుదేరుతుంది. గ్యాంగుని కాయిలుకి సమాంతరంగా కలపాలి, అంటే గ్యాంగు ఒక కొస కాయిలు ఒక కొసకి, ఇంకో కొస ఇంకో కొసకి. కదిలే రేకులు, షాఫ్టు, ఇనప చట్రం, ఇవన్నీ లోపల ఒకదానికొకటి తగిలే ఉంటాయి. ఈ కొసని ఎర్త్ వైపు కలపండి. కదలని రేకులకి పక్కనో కిందో చిన్న ఇత్తడి నాలుక ఉంటుంది. దాన్ని కాయిలు పై కొసకి, అంటే డయోడు ఉన్న వైపుకి కలపండి.

తిరగేసి కలిపితే ఏమవుతుందో చూద్దాం. షాఫ్టు సర్క్యూట్ పై కొసకి తగిలి ఉంటుంది. మీరు నాబు పట్టుకుంటారు. మనిషి శరీరం విద్యుత్తుని మోసేదే కాబట్టి, మీ వేళ్ళకీ షాఫ్టుకీ మధ్య ఒక చిన్న కెపాసిటర్ మీకు తెలియకుండానే ఏర్పడుతుంది. అది ఓ ఐదు పికోఫారడ్‌లు అనుకుందాం. 738 దగ్గర ఉన్న 232కి ఐదు కలిస్తే ట్యూనింగ్ ఎనిమిది కిలోహెర్ట్జ్‌లు కిందికి జారుతుంది. అది ఇంచుమించు ఒక స్టేషనుకి కేటాయించిన స్థలం. హైదరాబాద్ బి కేంద్రం 1377 దగ్గర సర్క్యూట్‌కి కావలసిందే 67 పికోఫారడ్‌లు. అక్కడ అదే ఐదు కలిస్తే జారేది 50 కిలోహెర్ట్జ్‌ల దాకా ఉంటుంది. స్టేషను బాగా పలికిందని చెయ్యి తీస్తారు, వెంటనే అది పక్కకి పోతుంది. మళ్ళీ చెయ్యి పెడితే మళ్ళీ వస్తుంది. క్రిస్టల్ సెట్టులో ట్యూనింగ్ కొంచెం వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఈ తేడా కొంతవరకు కప్పడిపోతుంది. రేపు మీరు ఒక ట్రాన్సిస్టర్ చేర్చి, వచ్చిన సంకేతాన్నే మళ్ళీ వెనక్కి తిప్పి పెంచే రీజెనరేటివ్ సెట్టు కట్టినప్పుడు మాత్రం చెయ్యి దగ్గరికి తెచ్చేసరికే కూత మొదలవుతుంది. షాఫ్టు ఎర్త్ వైపు ఉంటే ఈ బాధ దాదాపు ఉండదు. మీ చెయ్యి తాకేది ఎర్త్‌నే కాబట్టి ట్యూనింగ్ కదలదు.

ఎర్త్ తీగని చట్రం మీద ఎక్కడపడితే అక్కడ టంకం పెట్టాలని చూడకండి. మందపాటి ఇనుము వేడిని పీల్చేస్తుంది, చిన్న సోల్డరింగ్ ఐరన్‌తో టంకం పట్టదు. గ్యాంగుని ఒక పక్క నుంచి పరకాయించి చూడండి. షాఫ్టుకి ఆనుకుని స్ప్రింగులా నొక్కుతున్న ఒక సన్నని లోహపు పట్టీ కనిపిస్తుంది. షాఫ్టు తిరుగుతున్నా దానితో సంబంధం తెగకుండా ఉంచేది ఆ పట్టీయే. దాని కొసకి టంకం పెట్టుకోవడానికి ఒక నాలుక ఉంటుంది. ఎర్త్ తీగ అక్కడ కలపాలి. పాత గ్యాంగు తిప్పుతుంటే గరగరమని చప్పుడొస్తే సాధారణంగా తప్పు ఈ పట్టీ దగ్గరే. దుమ్మూ పాత గ్రీజూ చేరి ఉంటాయి. కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క వేసి పదిసార్లు తిప్పితే బాగవుతుంది.

ఇంకొక జాగ్రత్త. గ్యాంగు మీద పని చేస్తున్నంతసేపూ దాన్ని పూర్తిగా మూసి ఉంచండి. తెరిచి ఉంటే కదిలే రేకులు బయటికి వచ్చి ఉంటాయి, బల్లకి తగిలినా వేలు తగిలినా వంగిపోతాయి. వంగిన రేకు పక్క రేకుని తాకిందంటే కాయిలు రెండు కొసలూ షార్ట్ అయినట్టే, ఇయర్‌ఫోనులో చడీచప్పుడూ ఉండదు. అందుకే గ్యాంగుని సర్క్యూట్లో కలపకముందే మల్టీమీటర్‌ని బీప్ కొట్టే స్థానంలో పెట్టి, ఒక ముల్లు చట్రానికీ ఇంకోటి కదలని రేకుల నాలుకకీ ఆనించి, నాబు ఈ కొస నుంచి ఆ కొస దాకా నెమ్మదిగా తిప్పండి. ఎక్కడా బీప్ రాకూడదు. వచ్చిందంటే అక్కడ ఆగి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని సందుల్లోంచి చూస్తే తాకుతున్న రేకు తెలుస్తుంది. కాయిలు కలిపాక ఈ పరీక్ష పనికిరాదు. కాయిలు తీగ గుండా మీటర్ ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది.

ఇదంతా గాలి గ్యాంగు సంగతి. ఇప్పుడవి పాత రేడియోలు విప్పితే తప్ప దొరకడం కష్టం. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్ లాంటి చోట్ల మీరు అడిగితే ఎక్కువగా చేతికిచ్చేది అగ్గిపెట్టె కన్నా చిన్నదైన ప్లాస్టిక్ డబ్బీ గ్యాంగు. షాపుల్లో పీవీసీ గ్యాంగ్ అంటారు. ట్రాన్సిస్టర్ రేడియోల కోసం వచ్చింది ఇది. లోపల రేకుల మధ్య గాలికి బదులు పలచని ప్లాస్టిక్ పొరలు ఉంటాయి, అందుకే అంత చిన్నదయింది.

దీనికి ఒకే వైపు మూడు కాళ్ళుంటే లెక్క సులువు. నడిమి కాలు కదిలే రేకులది, అది ఎర్త్‌కి పోవాలి. అటూ ఇటూ ఉన్న రెండు కాళ్ళు రెండు వేరువేరు వరసలవి. ఒకటి సుమారు 140 పికోఫారడ్‌లు, ఇంకోటి సుమారు 60. ట్రాన్సిస్టర్ రేడియోలో పెద్దది ఏరియల్ వైపుకి, చిన్నది ఆసిలేటర్‌కి. మన సెట్టులో ఆసిలేటర్ లేదు, కాబట్టి ఆ రెండు పక్క కాళ్ళనీ ఒక చిన్న తీగతో కలిపెయ్యండి. రెండూ కూడి 200 అవుతుంది. ఎఫ్‌ఎం కూడా ఉన్న రకమైతే కాళ్ళు ఎక్కువుంటాయి. అందులో ఎఫ్‌ఎం వరసలు ఇరవై చిల్లర పికోఫారడ్‌లే, మీడియం వేవ్‌కి చాలవు. కెపాసిటీ కొలిచే మీటర్ ఉన్నవాళ్ళని పట్టుకుని ఏ కాలు ఏదో కొలిపించుకోవడం మేలు.

500 గ్యాంగుకి చుట్టిన కాయిలు ఈ 200 గ్యాంగుకి సరిపోదని గమనించారు కదా. కెపాసిటీ తగ్గింది కాబట్టి కాయిలు పెరగాలి. అదే పైపు మీద ఇంచుమించు 120 చుట్లు చుట్టండి. చాలామంది సెట్లు పలకకపోవడానికి కారణం ఇదే. ఒక బొమ్మలోంచి కాయిలు, ఇంకో బొమ్మలోంచి గ్యాంగు తెచ్చి కలుపుతారు. ఆ రెండూ జంటగానే రావాలి.

ప్లాస్టిక్ గ్యాంగుని పాడుచేసేవి రెండు. ఒకటి వేడి. కాలికి టంకం పెట్టేటప్పుడు ఐరన్ రెండు మూడు సెకన్ల కన్నా ఎక్కువ ఆనించకండి. ముందే కాలికీ తీగకీ విడివిడిగా టంకం పూసి ఉంచుకుంటే, రెండిటినీ కలిపి ఒక్కసారి ఐరన్ తాకిస్తే చాలు, అతుక్కుంటుంది. రెండోది మర. డబ్బీ ముందు భాగంలో, షాఫ్టుకి రెండు పక్కలా బిగించడానికి చిన్న మర రంధ్రాలుంటాయి. అక్కడ పొడుగు మర బిగిస్తే అది లోపలికి దూసుకుపోయి రేకుల్ని నొక్కేస్తుంది, నాబు మధ్యలో ఆగిపోతుంది. పలక మందం, దాని మీద రెండు మిల్లీమీటర్లు, అంతకు మించి మర ఉండకూడదు.

డయోడు జెర్మేనియందే కావాలి, ఓఏ79 గాని 1ఎన్34ఏ గాని. సిలికాన్ డయోడు తెరుచుకోవడానికి కావలసిన వోల్టేజీ ఈ బలహీనమైన సంకేతంలో ఉండదు. ఇయర్‌ఫోను కూడా క్రిస్టల్ రకం గాని, 2000 ఓముల పాత హెడ్‌ఫోను గాని అయి ఉండాలి. సెల్‌ఫోనుకి పెట్టుకునేవి నేరుగా పనికిరావు. క్రిస్టల్ ఇయర్‌ఫోను అయితే దానికి అడ్డంగా 47 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి కలపండి.

ఏరియల్, ఎర్త్ విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఇంటి కరెంటు ప్లగ్గులోని ఏ రంధ్రంలోనూ తీగ పెట్టవద్దు, ఎర్త్ రంధ్రంలో కూడా. తడినేలలో దిగ్గొట్టిన ఇనప గూటం మేలైన ఎర్త్. పాత ఇళ్ళలో కొళాయి గొట్టం పనికొచ్చేది, ఇప్పుడవి చాలావరకు ప్లాస్టిక్‌వి. ఏరియల్ తీగ కరెంటు తీగల మీదుగా గాని, కింద గాని, పక్కన గాని పోకూడదు. మబ్బు పట్టి ఉరుము వినిపించిందంటే సెట్టు పక్కన పెట్టి లోపలికి వెళ్ళండి.

ఇక మొదట వదిలిపెట్టిన కనిష్ఠ కెపాసిటీ సంగతి. పదిహేను ఇరవై మీటర్ల ఏరియల్ తీగ నేలతో కలిసి తానే ఒక 200 పికోఫారడ్‌ల కెపాసిటర్‌లా ఉంటుంది. దాన్ని తిన్నగా కాయిలు పై కొసకి కలిపితే ఆ 200 మన గ్యాంగుకి అదనంగా చేరుతుంది. పూర్తిగా తెరిచిన గ్యాంగులో పన్నెండు, కాయిలు చుట్ల మధ్యా తీగల మధ్యా ఇంకో ఇరవై, ఏరియల్ 200. మొత్తం 232. ఆ అంకె ఇంతకుముందు విన్నారు, అది 738 కిలోహెర్ట్జ్‌ల అంకె. అంటే 200 మైక్రోహెన్రీల కాయిలుతో మీరు నాబు ఆ కొస దాకా తిప్పినా 738 దాటరు. విజయవాడలో కూర్చుని ఊరి స్టేషను 837 రాలేదంటే తప్పు గ్యాంగుది కాదు, ఏరియల్ కలిపిన చోటుది. మందు చాలా సులువు. ఏరియల్‌కీ కాయిలుకీ మధ్య 100 పికోఫారడ్‌ల చిన్న కెపాసిటర్ ఒకటి వరసలో పెడితే ఏరియల్ భారం 67కి పడిపోతుంది, పై హద్దు 1100 దాటుతుంది. 47 పెడితే 1300 కూడా దాటుతుంది. అంతకన్నా నాకు నచ్చే పద్ధతి, కాయిలు చుట్టేటప్పుడే ఎర్త్ కొస నుంచి నాలుగో వంతు చుట్ల దగ్గర తీగని మెలిపెట్టి ఒక కొక్కెం బయటికి వదిలి, ఎనామిల్ గీకి, ఏరియల్‌ని అక్కడ కలపడం. ఆ భారం ఇంచుమించు పదహారో వంతుకి తగ్గుతుంది. స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పడటం కూడా తగ్గుతుంది.

మీకు దగ్గరలో మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ పనిచేస్తూ ఉంటే, ఈపాటికి చెవిలో మాట వినిపిస్తూ ఉండాలి. అప్పుడు నాబు వెనక ఒక తెల్ల కాగితం అతికించి, స్టేషను పలికిన ప్రతిచోటా గీత పెట్టి, అనౌన్సర్ ఫ్రీక్వెన్సీ చెప్పినప్పుడు పక్కన రాసుకోండి. గీతలు సమదూరంలో పడవు. రేకులు అచ్చం అరచక్రాలైతే, 500 గ్యాంగు మూసిన దగ్గర నుంచి సగం తిప్పేసరికి మీరు 650 దగ్గరే ఉంటారు, మిగతా బ్యాండంతా రెండో సగంలో ఇరుక్కుంటుంది. ఈ ఇరుకు తప్పించడానికే పాత రేడియోల్లో రేకుల్ని ఒక పక్క సన్నగా, వంపుగా కోశారు. మీ గ్యాంగు తెరిచి రేకు ఆకారం చూసి, కాగితం మీది గీతలతో పోల్చండి, ఏ రకం గ్యాంగు మీ చేతికొచ్చిందో తెలుస్తుంది.